యాప్ ఒకటైతే చాలదు
ఆంధ్రప్రదేశ్‌లో బడులకు సంబంధించిన యాప్‌లను 2025లో ‘లీప్’ అనే ఒకే యాప్‌లోకి చేర్చడం మంచిదే కానీ, వివరాలు నింపే పని ఉపాధ్యాయుడి నెత్తిమీదే మిగిలింది. పలమనేరు, కుప్పం పల్లెల్లోని ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఐదు తరగతుల బోధన, హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ ఒక్కరివే. ఈ భారం ఆరోగ్యాన్నీ దెబ్బతీస్తుంది. ఉదయం పెరిగి రాత్రికి తగ్గాల్సిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఏళ్ల తరబడి ఒత్తిడితో గాడి తప్పుతుంది. నిద్ర చెదురుతుంది, ఇన్సులిన్ పట్టు సడలి మధుమేహం ముప్పు పెరుగుతుంది, మహిళల్లో నెలసరి క్రమమూ తప్పవచ్చు. ఇంటి చాకిరీ కూడా మోసే ఉపాధ్యాయినుల పరిస్థితి మరింత ఆందోళనకరం. ఒత్తిడికి మందుగా యోగా శిక్షణతో సరిపెట్టడం న్యాయం కాదు. బోధనేతర నమోదులను మండల కార్యాలయ సిబ్బందికి అప్పగించాలి, బడివేళలు దాటాక ఉపాధ్యాయులకు పని సందేశాలు ఆపాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏటా రక్తపోటు, చక్కెర, థైరాయిడ్ పరీక్షలను ఉచితంగా చేయించాలి.