సంచి తీసినా పోని నొప్పి

కార్ఖానా మెయిన్‌రోడ్డు మీద, మా సందు మొదట్లో ఓ మందుల దుకాణం ఉంది. మా పక్క పోర్షన్‌లో ఉండే అమ్మాయి, ఇంటర్ రెండో సంవత్సరం, నెలకోసారి అక్కడికి వస్తుంది. ఏం కావాలో చెప్పదు. ఆ పిల్లను చూడగానే దుకాణం అతను నొప్పి మాత్రల స్ట్రిప్పు తీసి కౌంటర్ మీద పెట్టేస్తాడు. అంత అలవాటైపోయింది ఇద్దరికీ.

పోయిన నెల ఆ అమ్మాయి దుకాణం మెట్ల మీదే కూలబడిపోయింది. మొహం పాలిపోయి, ఒళ్లంతా చెమటలు. చెయ్యి పట్టుకుని మెల్లగా ఇంటికి నడిపించుకెళ్లాను. తలుపు తీసిన వాళ్లమ్మ ఏమాత్రం గాభరా పడలేదు. వేడినీళ్ల బ్యాగు తెచ్చి కూతురి పొట్ట మీద పెట్టింది. డాక్టర్‌కు చూపించారా అని అడిగితే నవ్వేసింది.

‘‘నొప్పి లేని ఆడది ఎవరున్నరు చెప్పు చెల్లే! నాకూ గిట్లనే ఉండె. పెండ్లయితే తగ్గుతదన్నరు, పిల్లలు పుడితే తగ్గుతదన్నరు.’’

‘‘మరి తగ్గిందా అక్కా?’’

ఆ నవ్వు ఆగిపోయింది.

తగ్గలేదు. ఇద్దరు పిల్లలు పుట్టాకా తగ్గలేదు. ముప్ఫై నాలుగో ఏట సొంతూరి దగ్గర ఒక నర్సింగ్‌హోమ్‌కు వెళితే, ‘ఇద్దరు పిల్లలున్నారుగా, ఇక ఈ సంచితో పనేముంది’ అన్నారట. గర్భసంచి తీసేశారు. నెలసరి ఆగింది. ఆరు నెలలు హాయిగా ఉంది. ఆ తర్వాత అదే నొప్పి, అదే చోట! ఇంట్లో చెబితే, ‘సంచే లేదు కదా, నొప్పి ఎక్కడిది?’ అన్నారు. దాంతో ఆవిడ చెప్పడం మానేసింది. రెండేళ్ల కిందట వేరే డాక్టర్ స్కానింగ్ తీయించి, ఎడమ అండాశయం మీద ‘చాక్లెట్ సిస్ట్’ ఉందని రిపోర్టు ఇచ్చారు. అది బీరువాలో రేషన్‌కార్డు కింద మడిచి ఉంది. తీసి నా చేతిలో పెట్టి ఆవిడ అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. ‘‘నేను చాక్లెట్లు ముట్టనే ముట్టను గదా, ఇదెట్ల వచ్చింది?’’

రిపోర్టు చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది అసలు పేరు. ఎండోమెట్రియోసిస్.

గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. నెలనెలా హార్మోన్ల వల్ల మందంగా పెరిగి, గర్భం రాకపోతే నెలసరి రూపంలో ఊడి బయటికి వచ్చేది అదే. సరిగ్గా అలాంటి పొరే గర్భసంచి బయట పెరిగితే ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, ఫెలోపియన్ నాళాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద... ఎక్కడైనా అంటుకోవచ్చు. అదీ నెలనెలా హార్మోన్లకు స్పందిస్తుంది. కానీ ఆ రక్తం బయటికి పోయే దారి లేదు. అక్కడే వాపు, మంట. మానేకొద్దీ మచ్చలు కట్టి, పక్కపక్కనుండే అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి కూడా. అండాశయంలో చేరిన రక్తం పాతబడి, చిక్కబడి, కరిగిన చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. ఆ పేరు వచ్చింది అందుకు. తినే చాక్లెట్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు!

ఇప్పుడు మా పక్కింటి అక్క కథ మళ్లీ చూడండి. జబ్బు ఉన్నది సంచి బయట. తీసింది సంచిని. బయట ఉన్న మచ్చలను అలాగే వదిలేస్తే, అండాశయాల నుంచి హార్మోన్లు అందుతూనే ఉంటే, నొప్పి తిరిగి రావడంలో వింత లేదు. కొందరికి అన్ని దారులూ చూశాక ఈ ఆపరేషన్ అవసరం పడొచ్చు, కాదనలేం. అయితే మన దగ్గర అది చాలాసార్లు మొదటి మాటే అవుతోంది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. వీళ్లందరికీ ఎండోమెట్రియోసిస్ ఉందని కాదు, అధిక రక్తస్రావం వంటి కారణాలూ ఉంటాయి. కానీ దేశంలో కెల్లా ముందు వరసలో ఉన్నది మన రెండు రాష్ట్రాలేనని తెలిసినప్పుడు ఆ నర్సింగ్‌హోమ్ మాట నాకు ఒక్క ఇంటి ముచ్చటలా అనిపించలేదు.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానయోగ్య వయసులో ఉన్న ప్రతి పదిమందిలో ఒకరికి ఉంటుంది. అంటే దాదాపు 19 కోట్ల మంది. పేరు తెలియడానికే ఏళ్లు పడుతుంది. వంటల కార్యక్రమాలతో ప్రసిద్ధురాలైన, చెన్నైలో పుట్టిన పద్మాలక్ష్మికి పదమూడో ఏట మొదలైన నొప్పి ఏమిటో ముప్ఫై ఆరో ఏట గానీ తేలలేదు. అమెరికాలో ఉండి, అంత పలుకుబడి ఉండి కూడా! ఆ తర్వాత 2009లో ఆమె తన సర్జన్‌తో కలిసి ఎండోమెట్రియోసిస్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా స్థాపించారు.

ఎందుకొస్తుంది? నెలసరి రక్తం కొంత వెనక్కి మళ్లి కడుపులోకి పోవడం వల్ల అని 1927లో అమెరికన్ వైద్యుడు జాన్ శాంప్సన్ చెప్పారు. ఆ వెనక్కి పోవడం చాలామంది ఆడవాళ్లలో జరిగేదే, అందరికీ జబ్బు రాదు. మరి కొందరికే ఎందుకు? ఈ ప్రశ్న మీద మన ఊళ్లోనే పని జరిగింది. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, సికింద్రాబాద్‌లోని ఇన్‌ఫెర్టిలిటీ ఇన్‌స్టిట్యూట్ అండ్ రిసెర్చ్ సెంటర్ వైద్యులు కలిసి జబ్బున్న రెండు వందల మందికి పైగా దక్షిణాది స్త్రీల జన్యువులను, జబ్బు లేనివారితో పోల్చి చూశారు. కొత్త రక్తనాళాలు మొలవడానికి తోడ్పడే ఒక జన్యువులో చిన్న తేడాకూ ఈ జబ్బుకూ సంబంధం కనిపించిందని 2005లో ‘హ్యూమన్ రిప్రొడక్షన్’ పత్రికలో ప్రచురించారు. దాన్ని పట్టుకుని జబ్బు ఉందో లేదో తేల్చలేం. అయితే తల్లికో అక్కకో ఉంటే ఆ ఇంటి ఆడపిల్లకు వచ్చే అవకాశం ఎక్కువన్నది మాత్రం వైద్యులు ఎప్పటినుంచో గమనిస్తున్న సంగతే. ‘నాకూ గిట్లనే ఉండె’ అన్న మాటకు అర్థం ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది. కూతురి నొప్పిని పట్టించుకోనవసరం లేదనడానికి ఆవిడ చెప్పిన కారణమే, వెంటనే పట్టించుకోవాలనడానికి కారణం.

మొదటి రోజు కాస్త పొత్తికడుపు లాగడం, ఒక మాత్రతో సర్దుకోవడం మామూలే. కాలేజీ మానేయాల్సి వస్తే, వాంతులైతే, ఆ రోజుల్లో మలమూత్ర విసర్జన సమయంలో నొప్పి ఉంటే, పెళ్లైనవారికి భర్తతో కలిసినప్పుడు లోపల నొప్పి ఉంటే, నెలసరి లేనప్పుడూ కడుపు నొస్తుంటే అది మామూలు కాదు. పిల్లలు కలగకపోవడానికీ ఇది ఒక కారణం. అలాగని జబ్బు ఉన్నవారందరికీ పిల్లలు పుట్టరని భయపడక్కర్లేదు, పక్కింటి అక్కకు ఇద్దరు. నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి జబ్బు ఎంత ముదిరిందో కూడా చెప్పలేం. చిటికెడు మచ్చలకే విలవిల్లాడేవారున్నారు, పెద్ద సిస్ట్ ఉన్నా తెలియనివారున్నారు.

ఒకప్పుడు లాపరోస్కోపీ చేసి కళ్లతో చూస్తే తప్ప జబ్బు ఉందని చెప్పేవారు కాదు. 2022లో యూరప్ వైద్యుల సంఘం కొత్త మార్గదర్శకాలిచ్చింది. లక్షణాలు, స్కానింగ్, ఎంఆర్‌ఐలను బట్టి చికిత్స మొదలుపెట్టవచ్చు, ప్రతివారికీ ముందే కోత అక్కర్లేదు. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదంటే జబ్బు లేదని మాత్రం కాదు. నొప్పి మందులు, హార్మోన్ మాత్రలు, అవసరమైతే మచ్చలను తొలగించే ఆపరేషన్... వయసునూ పిల్లలు కావాలనుకోవడాన్నీ బట్టి నిర్ణయిస్తారు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు, అదుపులో ఉంచేవి ఉన్నాయి. పెళ్లి కాని పిల్లకు హార్మోన్ మాత్రలేమిటని తల్లులు జంకుతారు. అవి ఇక్కడ గర్భం రాకుండా ఇచ్చేవి కావు, నొప్పికి ఇచ్చేవి.

మందుల దుకాణం నుంచి నేరుగా తెచ్చుకునే స్ట్రిప్పు సంగతి కూడా చెప్పాలి. నెలసరి నొప్పికి మన దగ్గర విరివిగా వాడే మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. మాత్ర వేసుకోకూడదని కాదు, నెలనెలా డాక్టర్ మొహం చూడకుండా మింగకూడదని.

ఆ అమ్మాయికి నేను ఇచ్చిన సలహా ఒక్కటే. ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నాను. ఏ తేదీన మొదలైంది, నొప్పి పదికి ఎన్ని మార్కులు, ఎన్ని మాత్రలు, ఏ క్లాసు పోయింది. డాక్టర్ దగ్గర అయిదు నిమిషాల్లో ‘బాగా నొప్పండీ’ అని తప్ప ఇంకేం చెప్పగలం? పుస్తకమైతే చెబుతుంది. పోయిన ఆదివారం చూపించింది. కెమిస్ట్రీ రికార్డు వెనక పేజీల్లో రాసుకుంది, పదికి తొమ్మిది అని ఎర్ర ఇంకుతో.

మంగళవారం డాక్టర్ దగ్గరకు బయల్దేరారు. వాళ్లమ్మ బీరువాలోంచి పాత రిపోర్టు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఓపీ కౌంటర్‌లో రెండు చీటీలు రాయించింది.