అలమారునుండి తీయవలసిన పుస్తకమా?

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా నివసించు మన కుటుంబముల పెద్దలలో కొందరికి ఈ మధ్య ఒక క్రొత్త భయము పట్టుకొన్నది. పిల్లలు ఆంగ్లమున చదువుచున్న నవలలు వారిని చెడగొట్టుచున్నవట. కల్పిత సామ్రాజ్యములు, మాయలు, భూతములు, వాని నడుమ శత్రువుల బిడ్డల ప్రేమలు మన సంస్కృతికి తగవట. మేమెరిగిన ఒక సంఘ గ్రంథాలయమున ఇట్టి నవల నొకదానిని అలమారునుండి తీసివేయవలెనని తీర్మానము వచ్చినది. తీర్మానము తెచ్చిన పెద్ద ఆ పుస్తకమును చదువలేదు. అట్టను మాత్రము చూచిరి. మేము చదివితిమి. కనుకనే వ్రాయుచున్నాము.

ఆ నవల 'ఆన్ ఎంబర్ ఇన్ ది ఆషెస్'. 2015లో వెలువడినది. రచయిత్రి సబా తాహిర్ పాకిస్తాను మూలములు గల కుటుంబపు బిడ్డ. కాలిఫోర్నియాలోని మొజావె ఎడారిలో తలిదండ్రులు నడుపుచుండిన చిన్న మోటెలులో పెరిగెను. పెద్దల సీమ యొకటి, తాను పెరిగిన సీమ వేరొకటి. ఆ స్థితి యెట్టిదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. కాశ్మీరమున సైనికులు పట్టుకొనిపోయిన మగవారికై ఎదురుచూచు స్త్రీలను గూర్చి, తాను పత్రికలో పనిచేయు కాలమున చదివిన వార్తయే ఈ కథకు బీజమని ఆమె చెప్పియున్నారు.

కథ యిది. ప్రాచీన రోమును తలపించు ఒక సామ్రాజ్యమున మార్షియలులు పాలకులు. ఐదువందల యేండ్ల క్రిందట ఓడిన స్కాలరులు పాలితులు, పెక్కురు బానిసలు. లాయా యను స్కాలరు పిల్ల అన్నను అర్ధరాత్రివేళ సైనికులు చెరపట్టుదురు. వానిని విడిపించుటకై ఆమె బానిసవేషమున సైనిక విద్యాలయమున ప్రవేశించి వేగు నడపును. అచ్చటి విద్యార్థులలో మేటి యైన ఎలియాసు, ఆ విద్యాలయాధికారిణి కన్నకొడుకే. అయినను ఆ క్రౌర్యమునుండి పారిపోవలెనని తహతహలాడువాడు. వీరిరువురికిని పుట్టిన మమకారమే నేడు మన పెద్దలకు కంటగింపైనది.

మమ్ము కదిలించినది ఆ ప్రణయము కాదు. స్కాలరులకు పూర్వమొక రాజ్యము, మహావిద్యాలయములు, గ్రంథాలయములు ఉండినవి. నేడు వారి బిడ్డలలో పెక్కురకు చదువే లేదు. ఈ మాట చదివినపుడు తంజావూరు మా కన్నుల యెదుట నిలిచినది. రఘునాథ నాయకుని కొలువున చేమకూర వేంకటకవి 'విజయవిలాసము' పలికిన ఊరది. ఆ సీమలోని మన ఇండ్లలో తెలుగు మాటలాడు పిల్లలెందరో కలరు. ఆ పేరును తెలుగు లిపిలో కూడబలుకుకొని చదువగల వారెందరు?

శత్రువుల బిడ్డలు ప్రేమించుకొనుట మనకు క్రొత్తయా? 16వ శతాబ్దమున పింగళి సూరన వ్రాసిన 'ప్రభావతీ ప్రద్యుమ్నము' సంగతి యేమి? వజ్రనాభుడను దానవుని అనుమతి లేక ఎవరును చొరరాని వజ్రపురి. అతని కూతురు ప్రభావతి. ఆ దానవుని చంపుటకై వచ్చిన కృష్ణుని కుమారుడు. శుచిముఖి యను హంస రాయబారము నడపును, వరుడు నటుని వేషమున పురము జొచ్చును, తండ్రి యెరుగకుండ పెండ్లి జరుగును, పిమ్మట మామ అల్లుని చేతనే కూలును. అట్టమీద ఆంగ్లాక్షరములుండిన దీనిని కూడ తీసివేయుమందురు కాబోలు!

నవలలో లోపములు లేకపోలేదు. నాయకునికిని నాయికకును ఇరువురేసి ప్రేమపాత్రులను తగిలించుట మాకు రుచింపలేదు. హింస మిక్కుటము, పదేండ్ల పిల్లచేతికి మేమీయము. కాని పదునారేండ్ల వారికి, బలవంతునికి లోబడుటయా, లోబడక నష్టపోవుటయా అను ప్రశ్నను ఇంత సూటిగ అడుగు పుస్తకము నేడు తెలుగున ఏది యున్నదో తీర్మానకర్తలు చూపవలెను. చూపినచో ఆ అలమారులో దానికి మేమే చోటు చేయుదుము.

పుస్తకములను నిషేధించువారి చరిత్ర కూడ కొంత జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 18వ శతాబ్దమున తంజావూరి కొలువున ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రచించినది. కర్ణాటకమున నంజనగూడులో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ దానిని పరిష్కరించి 1910లో మద్రాసున వావిళ్లవారి ద్వారా అచ్చొత్తించినది. మరుసటి యేడే ఆంగ్ల ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ కావ్యమును గర్హించినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులవంటి సంస్కర్తయు నుండుట మనకు బాధ కలిగించు విషయమే. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. వ్రాసినదియు, వెలికి తెచ్చినదియు మనవలెనే తెలుగుసీమకు వెలుపల బ్రదికిన ఆడవారే. అట్టి వారి వారసులమగు మనము నేడు ఏ పక్షమున నిలుచుచున్నాము?

తమిళనాట 2006లో వచ్చిన చట్టము ఏటికొక తరగతిగ తమిళమును తప్పనిసరి చేసినదనియు, అందుచే మన పిల్లలకు తెలుగు దూరమైనదనియు సభలలో చెప్పుకొందుము. నిజమే. కాని బడి సాయంత్రము ముగియును. ఆ తరువాతి గంటలకు ఏ చట్టము అడ్డము? లాయా ఇంట చదువుట ప్రమాదము. మన ఇంట చదువుట ఉచితము. అయినను ఉగాదినాడు వేదికపై పద్యమును తమిళలిపిలోనో కన్నడలిపిలోనో వ్రాసియిచ్చి చదివించి, చప్పట్లు కొట్టి యింటికి పోవుచున్నాము. ఆంగ్ల నవలను దోషిగ నిలిపినచో ఈ సోమరితనము కప్పబడునని కాబోలు ఆశ.

ఆ సమావేశమున తీర్మానము రెండు ఓట్ల తేడాతో వీగిపోయినది. పిమ్మట మేము అలమారు తెరచి చూచితిమి. 'ఆన్ ఎంబర్ ఇన్ ది ఆషెస్' అచ్చట లేదు. ఒక పిల్ల పట్టుకొనిపోయినది, ఇంకను ఇద్దరు వరుసలో నున్నారు. సూరన కావ్యము మాత్రము పై అరలో పదిలముగ నున్నది. దాని పుటలు కొన్ని నేటికిని కత్తిరింపబడలేదు.