ఇంటి కొక్కరికేనా పని?

వ్యాపారము మందగించి కర్మాగారములు మూతపడినప్పుడు ప్రభుత్వము తానే పనులు కల్పించి కూలి యిచ్చుట ధనమును బూడిదలో పోయుటయే యని కొందఱు వక్కాణింతురు. మే మీ మాట నంగీకరింపము. అట్టి ప్రయత్నములలో దోషము లేకపోలేదు. కాని యది వారు చూపుచోట లేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రమునే చూతము. 1929లో న్యూయార్కు వాటాల బజారు కూలెను. 1933 నాటికి పనివారిలో ఇంచుమించు నాలుగవవంతు నిరుద్యోగులైరి. 1935లో రూజువెల్టు ప్రభుత్వము నెలకొల్పిన వర్క్సు ప్రోగ్రెసు అడ్మినిస్ట్రేషను అను శాఖ 1943 వఱకు సుమారు 85 లక్షల మందికి పని చూపెను. ఆఱు లక్షల మైళ్లకు పైగా బాటలు వేయబడెను, లేదా బాగుపడెను. బడులును వంతెనలును లేచెను. విమర్శకులు మాత్రము కూలివారు పారలపై నానుకొని కునుకుచున్నారని యెగతాళి చేసిరి. 1937లో ప్రభుత్వము వ్యయము తగ్గించి పనివారిని తొలగింపగా, నిరుద్యోగము మరల పెరిగెను. వ్యయసంకోచ మందులకు ముఖ్యకారణములలో నొకటి. ఏరు నడుమనే తెప్పను తగులబెట్టినట్లయ్యెను.

ఇక నిజమైన దోష మేది? ఆ శాఖ యింటి కొక్కరికే, అదియు నింటి పెద్దకే, పని యిచ్చెను. పని చేయగల భర్త యున్న స్త్రీకి సాధారణముగా చోటు లేదు. చోటు దొరకిన స్త్రీలలో పెక్కండ్రకు కుట్టుపనియే గతి. అడవులు పెంచుటకై 1933లో నేర్పడిన సివిలియను కన్సర్వేషను కోరు అను దళము పురుషులకే. అందలి యువకుడు నెలకు 30 డాలర్లు గడించి 25 ఇంటికి పంపవలెను. తల్లికిని చెల్లెలికిని దక్కినది పరుల కూలిలో పాలే కాని తమ కష్టార్జితము కాదు. నాడు కార్మికమంత్రి పదవిలో నుండినది ఫ్రాన్సిస్ పెర్కిన్స్ అను స్త్రీయే యగుట మఱియు వింత!

ఇంటి పెద్ద కిచ్చిన నింటి కెల్ల నిచ్చినట్లే గదా యందురు. ఆ కూలిలో పొయ్యిదాక చేరునది యెంతయో పొయ్యి రగిల్చు నామె నడుగుడు. పుట్టింట తలదాచుకొన్న వితంతువు నడుగుడు. ఒక్క పేరు చాటున నిందఱి యాకలిని దాచుట న్యాయమా?

మన దేశమున 2005 నాటి గ్రామీణోపాధి చట్టము, 2006లో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో నమలు మొదలిడినది, ఈ విషయమున నొక యడుగు ముందు వేసెను. పనివారిలో మూడవవంతుకు తక్కువ కాకుండ స్త్రీ లుండవలె ననియు, స్త్రీపురుషులకు సమానమైన కూలి యనియు శాసించెను. మేలే. ఐనను నూరు దినముల హక్కును మనిషికి గాక కుటుంబమునకు లెక్కించెను. భర్త దినములన్నియు వాడుకొన్న, భార్యకు మిగులున దేమి?

చదువరులారా! పనుల పథకము ప్రకటితమైనప్పు డెంత వ్యయమని యడుగుటకు మున్ను, పనిచీటి యెవరి పేర నని యడుగుడు. ఆకలి మనిషి మనిషికి వేఱు. హక్కును మనిషి మనిషికి వేఱుగానే యుండవలెను.