కోత మానకముందే బిందె ఎత్తమంటారా?

"మన తండాల్లో కాన్పైన వారానికే చేన్లోకి పోయేవాళ్లు, నీకే వచ్చిందా సుకుమారం?" దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కిరాయి గదుల్లో బాలింతల్ని ఈ మాట అంటున్నది మనోళ్లే. అమ్మమ్మలు ఇంట్లో గింజల్లేక పోయారు. పైగా వాళ్లవి మామూలు కాన్పులు. ఆ ఆకలిని గొప్పగా చెప్పుకోవడం ఇక ఆపాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పుల్లో దాదాపు 61 ఆపరేషన్లే. సిజేరియన్‌లో పొట్ట పొరలతో పాటు గర్భసంచినీ కోసి కుడతారు. పైన కుట్లు మానినా లోపల మానడానికి వారాలు పడుతుంది.

మంచానికే అతుక్కోమని మేం అనడం లేదు. డాక్టర్ చెప్పినట్టు మర్నాటికల్లా మెల్లగా నడవాలి, లేకుంటే కాళ్లల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. కానీ దాదాపు ఆరు వారాలు బిడ్డకంటే బరువైంది ఎత్తొద్దు. జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా, పిక్క వాచి నొప్పెట్టినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

పెద్ద ఆఫీసుల్లో చేసేవాళ్లకు 2017 నుంచి చట్టం 26 వారాల జీతంతో సెలవు ఇస్తోంది. ఇళ్లల్లో అంట్లు తోమే మన వదినకు, అడ్డా మీద నిలబడే మన అక్కకు ఆ సెలవేది? దానికోసం సర్కారుతో కొట్లాడదాం. మరి ఇంట్లో సెలవు ఇవ్వడానికి ఏ జీవో కావాలి? మూడో అంతస్తుకు నీళ్ల బిందె, గ్యాస్ బండ, బియ్యం మూట మోయాల్సింది భర్త, మరిది, తమ్ముడు. అంటే మనమే. రేపు పొద్దున నల్లా వచ్చే టైముకు లేవండి.