సంతకం కంటే ముందు వివరణ

ఆపరేషన్‌కు రోగి ఇచ్చే సమ్మతి చెల్లాలంటే, జరగబోయేది ఏమిటో ఆ రోగికి ముందే తెలిసి ఉండాలి. అయితే ఆ వివరణ లేక పుట్టే అపనమ్మకాన్ని ఎవరూ పట్టించుకోరు; వైద్యులపై దాడి జరిగిన ప్రతిసారీ చర్చ 2008 నాటి వైద్య సిబ్బంది రక్షణ చట్టం దగ్గరే, అందులోని మూడేళ్ల జైలుశిక్ష దగ్గరే ఆగిపోతోంది. అదే ఏడాది జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకునేవారే లేరు.

ఆ కేసులో రోగి సంతకం చేసిన కాగితంలో లాపరోస్కోపీ, అవసరమైతే పొట్ట తెరవడం అని మాత్రమే ఉంది. ఆమె మత్తులో ఉండగా తల్లిని ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు మెలకువ వచ్చాక రోగినే అడగాలని, తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే మార్గాలున్నాయా, పెద్ద ముప్పులేమిటి, వద్దంటే ఏమవుతుంది: ఇవన్నీ డాక్టరు ముందే చెప్పాలంది. ఎంత చెప్పాలన్నది వైద్యవృత్తి ఆమోదించిన పద్ధతినిబట్టే కొలిచిన మాట నిజం. అయినా తెలుగో ఉర్దూనో తప్ప రాని మనిషి చేత ఇంగ్లిషు ఫారం మీద వేలిముద్ర వేయిస్తే, వీటిలో ఒక్కటీ ఆ మనిషికి చేరదు.

ఇక నష్టం జరిగాక న్యాయం కోరే దారి చూస్తే, 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. అబిడ్స్‌లోని ప్రైవేటు ఆస్పత్రి రోగి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలిగేది అందుకే. 2002 జులైలో హైదరాబాద్‌లో చలిజ్వరంతో చేరిన మహిళకు మలేరియా పరీక్ష చేయకుండా టైఫాయిడ్ మందులిచ్చారు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని పై కమిషన్లు కాదన్నా, 2010లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఫిర్యాదు చేసిన భర్త మలేరియా విభాగం అధికారి. ఆ పరిజ్ఞానం అన్ని ఇళ్లలో ఉండదు.

అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు దవాఖానా రోగికి ఈ దారి కూడా లేదు. ఓపీ చీటీకి కట్టే నామమాత్రపు రుసుముతో వినియోగదారుడు కాడని శాంత తీర్పే చెప్పింది. మిగిలింది సివిల్ కోర్టు; అక్కడ ఏళ్లూపూళ్లూ పడుతుంది. నాంపల్లి పక్కన రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ సర్కారు పిల్లల దవాఖానా వంటి చోట పసిబిడ్డ తరఫున సంతకం పెట్టే తల్లిదండ్రులకు వివరణే అసలు రక్షణ.

అందుకే తెలుగు, ఉర్దూ ఫారాలను తప్పనిసరి చేయాలి. ఏం చెప్పారో, ఏ భాషలో చెప్పారో డాక్టరు కేస్ షీట్‌లో రాయాలి. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలన్న 2002 నాటి నిబంధనను అమలు చేయాలి. ఆ రాత రేపు వివాదం వస్తే డాక్టరుకూ సాక్ష్యమే. దాడులను ఆపాలనుకునే ప్రభుత్వం మొదట చేయాల్సిన పని ఇదే.