ఏరియల్ నిలిపే క్లాంపు ఎక్కడ?

అవనిగడ్డ: తుఫాను వస్తే ముందు పోయేది కరెంటు, ఆ వెనుకే ఫోను. ఈ సంగతి దివిసీమ వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకుంటే, ఆ వార్త బయటికి పొక్కడానికి ఎంత ఆలస్యమైందో పెద్దలు నేటికీ చెబుతుంటారు. సెల్‌ఫోన్లు వచ్చాయి గదా, ఇక ఆ బెడద లేదనుకున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో ఆ సెల్‌ఫోన్లనూ మూగబోయేట్లు చేసింది. హైదరాబాద్ నుంచి హామ్ రేడియో వారు వెళ్లి కబుర్లు అందించవలసి వచ్చింది.

లైసెన్సు పొంది, సొంత ఖర్చుతో, సరదాగా వైర్‌లెస్ నడిపేవారే ఈ హామ్‌లు. వారి సెట్టు చేతిసంచిలో పడుతుంది. కారు బ్యాటరీ మీద పనిచేస్తుంది. ఏరియల్ కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. 7 మెగాహెర్ట్జ్‌కు సుమారు 66 అడుగుల రాగి తీగ తీసుకుని, సరిగ్గా మధ్యకు తెంపి, అక్కడ కేబుల్ కలిపితే సరి. 25, 30 అడుగుల ఎత్తున కడితే పగటిపూట ఇక్కడి నుంచి హైదరాబాద్‌తో మాట్లాడవచ్చు.

చిక్కల్లా ఆ తీగను అంత ఎత్తున నిలిపే సామానుతోనే. పైపును పిట్టగోడకు పట్టి ఉంచే బ్రాకెట్టు, యు బోల్టు, స్టే వైర్లు కట్టే రింగు, వాటిని బిగలాగే టర్న్‌బకిల్ మన మండల కేంద్రాల్లో అడిగితే షాపువాళ్లు మొహం చూస్తారు. ఒకప్పుడు ఇవి దొరికేవి. ఇంటింటి మీదా టీవీ యాంటెన్నా ఉన్న రోజుల్లో చిన్న రేడియో షాపులో సైతం క్లాంపులు దండగుచ్చి వేలాడేవి. డిష్‌లు, కేబుళ్లు వచ్చాక మాయమయ్యాయి. షాపువాళ్లను అని లాభం లేదు. కొనేవాడు లేని సరుకు ఎవరు పెట్టుకుంటారు?

బదులుగా వారిచ్చేది నీళ్ల పైపు క్లాంపు. పలుచని రేకు. పైపు బరువు మోస్తుందేమో గాని గాలి తోపుడుకు ఆగదు. కొలతలోనూ ఒక తిరకాసు ఉంది. ఒకటిన్నర అంగుళం జి.ఐ. పైపు అన్నది లోపలి లెక్క. బయటి కొలత 48 మిల్లీమీటర్లు. ఒకటిన్నర అంగుళమని చెప్పి యు బోల్టు తెచ్చుకుంటే అది పైపుకు ఎక్కదు. విజయవాడకు రానుపోను బస్సు చార్జీలు దండుగ. పైపు ముక్కొకటి సంచిలో వేసుకుని పోవడం మేలు.

వెదికితే దారులు లేకపోలేదు. ఆటోనగర్‌లో సైలెన్సర్ క్లాంపులు బయటి కొలతకే అమ్ముతారు. కరెంటు స్తంభాల స్టేలకు వాడే గుడ్డు ఆకారపు పింగాణీలు, టర్న్‌బకిళ్లు ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లకు సామాను అమ్మే చోట ఉంటాయి. రింగు మన ఊరి వెల్డరే చేస్తాడు. దళసరి ఇనుప పలకలో మధ్య ఒక పెద్ద రంధ్రం, చుట్టూ నాలుగు చిన్నవి. అయితే రంధ్రాలు, వెల్డింగు అన్నీ అయిన తరువాతే జింకు పూత వేయించాలి. ఉప్పుగాలికి ఒట్టి రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో మన కిటికీ ఊచలను చూస్తే చాలు.

కాని ఈ వెదుకులాటంతా తుఫాను హెచ్చరిక వచ్చాక సాగదు. అప్పటికి షాపులు మూసేస్తారు. సెట్టుతో దిగిన హామ్, క్లాంపు కోసం వానలో తిరగాలా? అందుకే తీరంలోని ప్రతి తుఫాను షెల్టరు పిట్టగోడకు రెండు బ్రాకెట్లు, యు బోల్టులతో సహా, ఇప్పుడే బిగించి ఉంచాలి. పైపు, వైర్లు లోపల గదిలో ఉంటే గాలి తగ్గగానే పైకెత్తుకోవచ్చు. కరెంటు తీగలకు దూరంగా, పైపు పడినా వాటిని తాకని వైపున బిగించాలి. ఐటీఐ పిల్లలు ఒక్క పూటలో చేయగల పని ఇది. షెల్టరు కట్టిన ఖర్చు ముందు దీని ఖర్చు ఏపాటిది?

శాటిలైటు ఫోన్లున్నాయి గదా అనేవారున్నారు. ఉంటే అధికారి చేతిలో ఉంటుంది. ఆ అధికారి రోడ్డు తెగి అవతలే ఆగిపోతే ఊరి కబురు ఎవరు చెబుతారు?

బిగించి వదిలేసినా చాలదు. ఏటా వేసవిలో నట్లు విప్పి, గ్రీజు రాసి, తిరిగి బిగించే పూచీ పంచాయతీదో, రెవెన్యూ వారిదో ముందే తేల్చి షెల్టరు గోడ మీద రాసి ఉంచాలి.