బస్సెక్కే ముందు ఒక్క ఫోను

సంక్రాంతి వెళ్లాక మా పెద్దమ్మను కంటి ఆపరేషన్‌కని విశాఖ తీసుకెళ్లాం. పలాసలో చీకటితోనే రైలెక్కినా ఆసుపత్రి చేరేసరికి పది దాటింది. గుమ్మంలో పథకం బోర్డు ఉంది. కౌంటరులో మాత్రం, "ఈ కార్డు మా దగ్గర గుండెకి, ఎముకలకేనండి, కంటికి లేదు" అన్నారు. పెద్దమ్మ ఏమీ అనలేదు. జీడిపిక్కలు కొట్టి కూడబెట్టిన డబ్బు కొంగున ముడేసి తెచ్చుకుంది. ఆ ముడి ఒకసారి తడుముకుంది.

ఆ పథకం ఆరోగ్యశ్రీ పేరుతో 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. పేర్లు మారి ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. ఇన్నేళ్ల తర్వాత కూడా కార్డు చేతబట్టుకుని మన ముసలివాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరగడం నాకు మింగుడు పడడం లేదు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చదువుకున్న పిల్లలకి, టీచర్లకి, రిటైరైన పెద్దలకి ఒకటే మనవి. పక్కింటి ముసలమ్మ బస్సెక్కే ముందు ఆమె తరఫున ఒక్క ఫోను చేయండి. వైద్య సేవకైతే 104, ఆయుష్మాన్ కార్డుకైతే 14555. "ఆ ఆసుపత్రిలో కార్డు చెల్లుతుందా" అంటే చాలదు. కంటి విభాగానికి చెల్లుతుందా, ఫలానా ఆపరేషన్‌కి చెల్లుతుందా అని గుచ్చి అడగండి. తర్వాత ఆ ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రతోనూ మాట్లాడండి.

ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకి చిక్కులు వేరు. శుక్లాల ఆపరేషన్‌కి చాలా పాలసీల్లో మొదటి రెండేళ్లు డబ్బు రాదు. కన్నుకి ఇంత అని పరిమితి ఉంటుంది. కళ్లజోడుకి సాధారణంగా ఇవ్వరు. ఖరీదైన లెన్సు వేయించుకుంటే మిగతాది మన జేబులోంచే. అంచనా కాగితం మీద రాయించుకోనిదే తేదీ ఖాయం చేయకండి.

శుక్లాలకి అసలు విశాఖ దాకా పోనక్కర్లేకపోవచ్చు. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నుంచి ఉంది. దాని కింద శుక్లాల ఆపరేషన్ చేస్తారేమో శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ముందు అడగండి. మా పెద్దమ్మ కన్ను చివరికి శ్రీకాకుళంలోనే బాగైంది.

నీటికాసుల అనుమానం ఉన్నా, షుగరు ఉండి చూపు మసకబారినా మాత్రం కార్డు సంగతి తేలేదాకా ఆగొద్దు. శుక్లం నెలరోజులు ఆగుతుంది. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు.

మన రెండు జిల్లాల కంటి డాక్టర్లకీ చేతులు జోడించి అడుగుతున్నాను. ఏ కార్డు, ఏ ఆపరేషన్‌కి తీసుకుంటారో గుమ్మంలోనే తెలుగులో రాయించండి. అక్షరాలు బాగా పెద్దవిగా వేయించండి.